పికప్ సీటుకు తోలు కవరు: ఏ బండికి ఏ రకం, ఎంతవరకు సొంతంగా బిగించుకోవచ్చు

సీటు కవరు కొనడానికి వెళ్ళినవారు ముందు మెరుపు చూస్తారు, తరువాత రంగు, ఆ తరువాత ధర. పికప్ బండి ఉన్నవారు ఈ మూడింటికన్నా ముందు ఆలోచించవలసినవి వేరే ఉన్నాయి. బండి ఏ దారిలో తిరుగుతుంది? ఎంతసేపు ఎండలో నిలబడుతుంది? తడిబట్టలతో, మట్టికాళ్ళతో ఎంతమంది ఎక్కి దిగుతారు? ఇంటి ముందు నీడలో ఉండే కారుకు ఏళ్ళ తరబడి నిలిచిన కవరు సంతకు సరుకు తోలే పికప్‌లో రెండో వానకాలానికే పొట్టు లేచిపోవచ్చు.

ఒడిశా సరిహద్దులో మనవాళ్ళు ఉన్న ఊళ్ళనే చూడండి. బరంపురం, పర్లాకిమిడి వైపు గాలిలో తేమ ఎక్కువ. రాయగడ, గుణుపురం వైపు నాగావళి, వంశధార లోయల్లో వేసవి ఎండ బండి లోపలి వస్తువులను కాల్చేస్తుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండే కొరాపుట్, సెమిలిగుడ ప్రాంతంలో చలికాలపు తెల్లవారుజాము వణికిస్తుంది, వేసవిలో దామన్‌జోడి చుట్టుపక్కల ఎర్రదుమ్ము కళ్ళు తెరవనివ్వదు. జయపురంలో బయలుదేరి సుంకి ఘాటు దిగి సాలూరు చేరే బండి చలి, దుమ్ము, ఉక్క మూడింటినీ ఒకే రోజులో చూస్తుంది. ఇన్నింటికీ ఒకే కవరు నప్పదు. అందుకే ఏది గొప్పదో తేల్చడం కాకుండా ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

దుకాణంలో దొరికే రకాలు

కుషన్ వర్క్స్ దుకాణాల్లో రోల్స్‌గా నిలబెట్టి ఉండేది చాలావరకు పీవీసీ రెగ్జిన్. బట్ట మీద పీవీసీ పూత పూసి, తోలు గీతల అచ్చు వేసి తయారుచేస్తారు. రోలు వెడల్పు సాధారణంగా 54 అంగుళాలు, అమ్మకం మీటరు లెక్కన. దీనిలో నీరు ఇంకదు. బురద, చేపల నీళ్ళు, చల్లిన టీ ఏదైనా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ధర తక్కువ, చిరిగితే అతుకు వేయడం సులువు. లోపం ఏమిటంటే గాలి ఆడదు. వేసవిలో వీపు, తొడలు చెమటతో అంటుకుపోతాయి.

పీవీసీకి మరో గుణం ఉంది, దాని గురించి అమ్మేవారు చెప్పరు. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటి ద్రవ్యాలు కలుపుతారు. ఎండకు బండి లోపల వేడెక్కినప్పుడు ఆ ద్రవ్యాలు కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి. అలా పోయేకొద్దీ రెగ్జిన్ బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. ఆవిరైనది ముందు అద్దం లోపలి వైపు జిడ్డుపొరగా పేరుకుంటుంది. రాత్రిపూట ఘాటు రోడ్డులో ఎదురు బండి లైటు పడినప్పుడు అద్దమంతా తెల్లగా వెలిగిపోయి దారి కనబడకుండా చేసేది ఈ పొరే. కొత్త కవరులో ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉందంటే ఈ బెడద ఎక్కువగా ఉంటుందని అనుకోవచ్చు. వాసన తక్కువగా ఉన్న రెగ్జిన్‌కు మీటరుకు కొంత ఎక్కువైనా ఇవ్వండి, కొత్తలో కొన్ని వారాలు అద్దం లోపలి వైపు తరచుగా తుడవండి.

రెండోది పీయూ తోలు, అంటే బట్ట మీద పాలీయురెథేన్ పూత పూసినది. 'నప్పా' అనీ, 'లెదరెట్' అనీ పిలుస్తూ ఆన్‌లైన్‌లో అమ్మే బకెట్ ఫిట్ (సీటు ఆకారానికి అమరేలా కుట్టిన) కవర్లలో ఎక్కువ భాగం ఇదే. చేతికి మెత్తగా, చూపుకు అసలు తోలులా ఉంటుంది. చలిలో పీవీసీ అంత బిరుసెక్కదు, సీటు వంపులకు చక్కగా ఒదుగుతుంది. కూర్చోవడానికి ఈ కృత్రిమ తోళ్ళలో నాకు నచ్చేది ఇదే. కానీ దీనికి పెద్ద శత్రువు తేమ. గాలిలోని నీటి ఆవిరి పీయూ పూతలోని బంధాలను నెమ్మదిగా తెంచుతుంది. పైపొర మొదట జిగురుగా తగులుతుంది, ఆ తరువాత పొలుసులుగా ఊడి ప్యాంటుకు అంటుకుంటుంది. ఇది వాడకం వల్ల వచ్చే అరుగుదల కాదు కనుక ఎవరూ కూర్చోని సీటుకూ వస్తుంది, గోదాములో చుట్టి పెట్టిన రోలుకూ వస్తుంది. బరంపురం లాంటి తేమ ఊళ్ళో ఏళ్ళుగా అమ్ముడుపోని పాత సరుకును తగ్గింపు ధరకు ఇస్తామంటే పీయూ విషయంలో ఒప్పుకోకండి. పీయూలోనూ తేడాలున్నాయి. చవకైన పాలీఎస్టర్ రకం తొందరగా చెడుతుంది, పాలీకార్బొనేట్ రకం తేమను చాలాకాలం తట్టుకుంటుంది. చిన్న దుకాణంలో ఈ పేర్లు తెలియకపోవచ్చు. పేరున్న కంపెనీ కవరైతే పెట్టె మీదో వివరాల్లోనో చూడవచ్చు. లేకపోతే వారంటీ కాగితంలో పొలుసులు ఊడటాన్ని మినహాయించారో లేదో చదవండి. మినహాయించి ఉంటే ఆ కవరు ఎలాంటిదో అమ్మేవారే చెప్పినట్టు.

మూడోది అసలు తోలు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, కాన్పూరు, కోల్‌కతాల్లో తోళ్ళ శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి కనుక మన దేశంలో మంచి తోలుకు కొరత లేదు. బండి సీట్లకు వాడే తోలు మందం దాదాపు 1 నుంచి 1.4 మిల్లీమీటర్లు, పైన రక్షణ పూత ఉంటుంది. బాగా చూసుకుంటే అన్నింటికన్నా ఎక్కువకాలం నిలిచేది ఇదే. ఆ చూసుకోవడమే కష్టం. తడిబట్టలతో కూర్చుంటే కుట్టు రంధ్రాల గుండా నీరు లోపలికి పోతుంది. వానకాలంలో అద్దాలు మూసి నాలుగు రోజులు వదిలేస్తే తెల్లగా బూజు పడుతుంది. ఎండకు ఎండితే పగులుతుంది. ధర రెగ్జిన్‌కు ఎన్నో రెట్లు. అదీకాక అసలు తోలు అని అమ్మే తయారీ కవర్లలో చాలావాటికి కూర్చునే మధ్యభాగం మాత్రమే తోలు, పక్కలూ వెనకా పీయూ ఉంటాయి. అది మోసమని అనను, కానీ ధర మాట్లాడే ముందు ఏ భాగం ఏదో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

పక్కలు రెగ్జిన్, మధ్యలో మందపాటి బట్ట వేసి కుట్టే కలగలుపు కవరు నాలుగో రకం. చూడటానికి గొప్పగా ఉండదు. ఏసీ లేని పికప్‌లో రోజంతా నడిపే డ్రైవరుకు మాత్రం ఇంతకన్నా సుఖమైనది లేదు. చెమట బట్టలోకి ఇంకి ఆరిపోతుంది, ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకునే అంచులను రెగ్జిన్ కాపాడుతుంది. బట్ట ముదురు రంగుదై ఉండాలి. ఉతకడానికి వీలుగా విడిగా తీసేలా కుట్టించుకుంటే మరీ మంచిది.

చిన్న రంధ్రాలున్న తోలు గురించి ఒక మాట. గాలి ఆడుతుందని చాలామంది దాన్నే అడుగుతారు. తారు రోడ్డు మీద తిరిగే బండికి ఫరవాలేదు. మట్టిరోడ్ల మీద, గనుల దారుల్లో తిరిగే బండికి వద్దు. సన్నని ఎర్రదుమ్ము ఆ రంధ్రాల్లో కూరుకుపోతుంది, తడి తగిలితే మరక పడుతుంది, బ్రష్షుతో రుద్దితే పూత అరుగుతుంది.

ఏది ఏదో గుర్తుపట్టడం

దుకాణంలో నమూనా ముక్క అడగండి. "అన్నయ్యా, రోలు చివర చిన్న ముక్క ఇస్తారా?" అంటే కాదనేవారు అరుదు. ముందు ముక్క వెనుక వైపు చూడండి. పీచుపీచుగా, మెత్తని నూగులా ఉంటే అది అసలు తోలు కావచ్చు. నేత గానీ అల్లిక గానీ కనబడితే కృత్రిమం. అల్లిక ఉన్న రెగ్జిన్ సాగుతుంది, మూలల దగ్గర ముడతలు లేకుండా కూర్చుంటుంది. నేత బట్ట వెనుక ఉన్నది సాగదు. సొంతంగా బిగించుకునేవారు అల్లిక వెనుక ఉన్నదే కొనాలి, ఈ ఒక్క తేడా వల్ల సగం శ్రమ తగ్గుతుంది.

అనుమానం తీరకపోతే గోరంత ముక్కను పట్టకారుతో పట్టుకుని ఆరుబయట నిప్పు చూపించండి. తోలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తూ ముడుచుకుంటుంది. రెగ్జిన్ కరిగి ప్లాస్టిక్ వాసన వేస్తుంది. పీవీసీనా పీయూనా అన్నది తేల్చుకోవాలంటే రాగి తీగను ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి, మళ్ళీ తీగను మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వస్తే పీవీసీ. ఆ పొగ మంచిది కాదు, పీల్చకండి.

ముక్కను నాలుగైదుసార్లు గట్టిగా మడిచి అదిమి చూడండి. మడత దగ్గర తెల్లగీత మిగిలిపోతే ఆ రెగ్జిన్ చలికాలం దాటదు.

కుట్టు, దారం, లోపలి పొర

చాలామంది పైపదార్థం మీదే డబ్బంతా పెట్టి కుట్టు సంగతి వదిలేస్తారు. పికప్ కవర్లు ముందుగా విడిపోయేది కుట్టు దగ్గరే. నూలు దారం తడికి కుళ్ళుతుంది. పాలీఎస్టర్ దారం అడగండి, అది ఎండను నైలాన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. కుట్టు మరీ దగ్గర దగ్గరగా ఉంటే గట్టిదనం వస్తుందనుకోవడం పొరపాటు. రెగ్జిన్‌లో సూది పడిన ప్రతిచోటా రంధ్రమే కనుక దగ్గర కుట్టు ఉన్నచోట అది తపాలా బిళ్ళ అంచులా చిరిగిపోతుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, బరువు పడే అంచుల్లో రెండు వరుసలు ఉండాలి.

మన బళ్ళలో డ్రైవరు కుడివైపు తలుపులోంచి ఎక్కుతాడు కనుక డ్రైవరు సీటు కుడి అంచు అన్నింటికన్నా ముందు అరుగుతుంది. రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగే సరుకు బండిలో ఈ అరుగుదల మరీ ఎక్కువ. కుట్టించుకుంటున్నట్లయితే ఆ అంచున లోపల మరో పొర రెగ్జిన్ వేయమనండి. దీనికి అదనపు ఖర్చు స్వల్పం, దానితో పెరిగే ఆయుష్షు చాలా ఎక్కువ.

లోపలి ఫోమ్ పొర విషయంలో మందం ఎక్కువైతే మంచిదన్న అభిప్రాయం ఉంది. నేను ఒప్పుకోను. మందపాటి ఫోమ్ కొత్తలో మెత్తగా ఉంటుంది కానీ వేడిని పట్టి ఉంచుతుంది, కొన్ని నెలలకు అణిగి కవరు వదులవుతుంది. తడిస్తే ఆరదు. పలుచటి గట్టి ఫోమ్ చాలు. అసలు సీటులోని స్పాంజి కుంగిపోయి ఉంటే ముందు దాన్ని మార్పించండి. కుంగిన స్పాంజి మీద ఎంత ఖరీదైన తోలు వేసినా ముడతలే మిగులుతాయి.

బండిని బట్టి ఎంపిక

బొలెరో పికప్, యోధా లాంటి సరుకు బళ్ళకు నా సలహా సూటిగా చెబుతాను. అల్లిక వెనుక ఉన్న మందపాటి పీవీసీ రెగ్జిన్, లేదా రెగ్జిన్ అంచులతో బట్ట మధ్యభాగం. పర్లాకిమిడి, బరంపురం వైపు తిరిగే బండి అయితే చవక పీయూ జోలికి పోకండి. కొరాపుట్ వైపు చలిలో తిరిగేదైతే బట్ట మధ్యభాగమే మేలు, తెల్లవారుజామున చల్లని రెగ్జిన్ మీద కూర్చోవడం ఎంత ఇబ్బందో అక్కడి డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది. కొనే ముందు పక్క సీటు ఒక్కరిదా, ఇద్దరిదా చూసి చెప్పండి. ఒకే పేరుతో వచ్చే పికప్‌లలో రెండు రకాలూ ఉంటాయి, తయారైన ఏడాది మారితే సీటు ఆకారం కూడా మారుతుంది. బండి పేరు ఒక్కటే చెప్పి ఆర్డరు పెడితే తప్పు కవరు రావడం ఖాయం.

టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ లాంటి చిన్న బళ్ళ సంగతి వేరు. ముందు ముక్కు లేని ఇలాంటి బళ్ళలో ఇంజిను సీట్ల కిందే ఉంటుంది. సీటును ఎత్తితేనే ఇంజిను దగ్గరికి చెయ్యి వెళుతుంది. దీనివల్ల రెండు జాగ్రత్తలు అవసరం. కింది నుంచి వేడి వస్తుంది కనుక పలుచటి పీయూ, మందపాటి ఫోమ్ రెండూ పనికిరావు. ఇక కవరు పట్టీలు, కొక్కేలు ఇంజిను వైపు వేలాడకూడదు. వేలాడిన ఎలాస్టిక్ పట్టీ బెల్టులో చిక్కుకోవచ్చు, వేడి గొట్టానికి తగిలి కరగవచ్చు. ఈ బళ్ళకు కింద కట్టే పట్టీలు లేకుండా సీటు దిమ్మెకు మాత్రమే బిగుసుకునేలా కుట్టించుకోవాలి. సీటు ఎత్తే గొళ్ళెం కవరు కింద దాగిపోకుండా చూసుకోవాలి.

ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి డబుల్ క్యాబిన్ బళ్ళు సొంత వాడకానికి కొన్నవారికి మంచి పీయూ గానీ అసలు తోలు గానీ తగినదే. నీడలో నిలిపే చోటు ఉండి, రెండు మూడు నెలలకోసారి తోలుకు కండిషనర్ పూసే ఓపిక ఉంటేనే అసలు తోలుకు వెళ్ళండి. ఈ బళ్ళలో ముందుగా చూడవలసింది మాత్రం ఎయిర్‌బ్యాగు. కొన్ని రకాల్లో పక్క ఎయిర్‌బ్యాగు సీటు వీపు భాగం లోపలే, తలుపు వైపున ఉంటుంది. అక్కడ చిన్న గుడ్డపట్టీ మీద ఆ మాట రాసి ఉంటుంది. మామూలు కవరు దాన్ని గట్టిగా కప్పేస్తే ప్రమాద సమయంలో బ్యాగు సరిగ్గా విప్పుకోదు. అక్కడ తేలికగా తెగిపోయే ప్రత్యేకమైన కుట్టు ఉన్న కవరు గానీ, ఆ చోటు పూర్తిగా ఖాళీగా వదిలిన కవరు గానీ మాత్రమే వాడాలి. ఇందులో బేరం పనికిరాదు. ఊళ్ళో కుట్టేవారు ఎంత పనిమంతులైనా ఆ ప్రత్యేక కుట్టు వారి దగ్గర ఉండకపోవచ్చు, ఆ సీటుకు కంపెనీ వారి కవరే తీసుకోండి.

రంగు గురించి కూడా బండిని బట్టే ఆలోచించాలి. నలుపు ఎండకు భగ్గుమంటుంది. లేత గోధుమరంగు చూడటానికి బాగుంటుంది కానీ కొత్త జీన్సు నీలం, పసుపు బస్తాలు మోసిన చేతుల మరక రెండూ దానికి పడతాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు మునిగుడ మీదుగా తోలే బళ్ళవారికి ఇది బాగా తెలుసు. పీయూలోకి దిగిన పసుపు మరక పూర్తిగా పోదు. ముదురు గోధుమ, బూడిద రంగులు సరుకు బళ్ళకు సుఖం.

తొడిగే కవరా, సీటు విప్పి మార్చే కవరా

సొంతంగా చేయగలిగేవి రెండు పద్ధతులు. పాత కవరు మీదే కొత్తది తొడిగి పట్టీలు, కొక్కేలు, జిప్పులతో బిగించడం మొదటిది. పాత కవరు పూర్తిగా తీసేసి, కొత్తదాన్ని స్పాంజిలోని తీగలకు ఉక్కు రింగులతో పట్టించడం రెండోది. ఇక అన్ని బళ్ళకూ సరిపోతాయని అమ్మే వదులు కవర్లు ఉన్నాయి, వాటి గురించి ఒక్క మాట చాలు: ఘాటు మలుపుల్లో సీటు మీద మనిషితో పాటు కవరు కూడా జారుతుంది. కొనకండి.

మొదటిసారి చేసేవారు తొడిగే కవరుతోనే మొదలుపెట్టాలి. ముందు సీటు వరకు సగం పూట పని. ఇద్దరుంటే చేతులు నొప్పి పుట్టవు. వానరోజున పెట్టుకోకండి, సీటు పూర్తిగా ఆరి ఉండాలి. లోపల తడి మిగిలితే రెగ్జిన్ కింద కుళ్ళువాసన పడుతుంది. కవరును గంటసేపు ఎండలో పరచండి, వెచ్చబడిన రెగ్జిన్ సాగుతుంది. కొరాపుట్ చలిలో అయితే మధ్యాహ్నమే మొదలుపెట్టండి.

హెడ్‌రెస్టు తీయడానికి దాని రెండు కడ్డీల మొదట్లో చూడండి. ఒకవైపు బొత్తాం ఉంటుంది, కొన్నింటిలో రెండోవైపు సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి నొక్కాలి. చిన్న సరుకు బళ్ళలో హెడ్‌రెస్టు విడిగా రాదు, వీపు భాగంలో కలిసే ఉంటుంది. వాటికి పైభాగం మూసి కుట్టిన కవరు కావాలి.

వీపు భాగంతో మొదలుపెట్టండి. కవరును సగం వరకు లోపలి వైపు మడిచి పై మూలలు సరిగ్గా కూర్చోబెట్టిన తరువాత కిందికి దించండి. కవరు మీది మధ్యకుట్టు సీటు మధ్యగాడితో కలిసిందో లేదో ప్రతి జానెడుకూ చూసుకోవాలి. ఒక్క వేలు పక్కకు పోయినా చివరికి మొత్తం వంకరగా కనిపిస్తుంది, మళ్ళీ మొదటి నుంచి తీయాలి. తరువాత కవరు కింద వేలాడే నాలుకలాంటి ముక్కను వీపు భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులోంచి వెనక్కి తోయండి. దీనికి చదునైన చెక్క గరిటె వాడండి, స్క్రూడ్రైవరు అయితే రెగ్జిన్‌కు రంధ్రం పడుతుంది. వెనుక నుంచి ఒకరు లాగుతుండగా ముందు నుంచి మరొకరు అరచేత్తో మధ్య నుంచి అంచులకు ముడతలు తోస్తూ పోవాలి.

కూర్చునే భాగానికీ ఇదే వరుస. అడుగున పట్టీలు కట్టే ముందు చెయ్యి పెట్టి చూడండి. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు, వైర్లు, స్ప్రింగులు అక్కడే ఉంటాయి. పట్టీ వాటి మీదుగా పోకుండా, కొక్కెం గట్టి ఇనుప చట్రానికే తగిలేలా చూడాలి. పని అయ్యాక సీటును పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి ఒకసారి జరపండి. ఏదైనా లాగినట్టు అనిపిస్తే పట్టీ దారి మార్చండి.

సీటు వంచే పిడికి, బెల్టు బకిలుకు రంధ్రం చేయవలసి వస్తే చివర్లో, చిన్నదిగా మొదలుపెట్టండి. పెంచడం ఎప్పుడైనా పెంచవచ్చు. బకిల్ కవరు బయటికి పూర్తిగా రావాలి, ఒక చేత్తో బెల్టు పెట్టుకోగలగాలి. ఎంత అందంగా కుదిరినా బకిల్‌ను మింగేసే కవరు పనికిరాదు.

మిగిలిన ముడతలకు జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వాడండి. జానెడు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా ఆడిస్తూ వెచ్చబరచి అరచేత్తో సర్దాలి. పీయూ పూత దగ్గరి వేడికి మెరుపు మారి మచ్చ పడుతుంది కనుక ముందు వెనుక వైపు మూలలో పరీక్షించండి. సన్నని ముడతలు ఎండకూ మనిషి బరువుకూ కొద్ది రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి.

ఉక్కు రింగుల పద్ధతి కంపెనీ సీటులాంటి ముగింపు ఇస్తుంది. కవరు జారదు, గాడులు లోతుగా కనిపిస్తాయి. సీటు బయటికి తీయాలి, పాత రింగులు కత్తిరించాలి, కొత్తవాటిని ప్రత్యేకమైన పట్టకారుతో బిగించాలి. పాత కవరు తీసేటప్పుడు ప్రతి దశకూ ఫోనులో ఫోటో తీసుకోండి. పాత కవరు గాడుల్లో సన్నని ఇనుప తీగలు ఉంటాయి, వాటిని జాగ్రత్తగా లాగి కొత్త కవరులోకి ఎక్కించాలి. వాటిని మరిచిపోతే రింగు బట్టను చింపుకుని బయటికి వస్తుంది. మధ్యగాడి నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. చేతి తొడుగులు తప్పనిసరి, తెగిన రింగు కొన బ్లేడులా కోస్తుంది.

సీటు విప్పే ముందు ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే బ్యాటరీ నెగిటివ్ తీగ తీసి, బండి పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుకు సంబంధించినది. అది ఊడి ఉండగా తాళం తిప్పితే మీటరు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, చాలా బళ్ళలో దాన్ని ఆర్పడానికి వర్క్‌షాపులో స్కానరు పెట్టవలసి వస్తుంది. నా సలహా అయితే సీటులో ఎయిర్‌బ్యాగు ఉన్న బండికి ఈ రింగుల పని ఇంట్లో చేయవద్దు. ఎయిర్‌బ్యాగులు లేని పాత పికప్ అయితే పనిముట్లు, ఒక సెలవురోజు, ఓపిక ఉన్నవారు నిశ్చింతగా చేసుకోవచ్చు. పాత కవరును మాదిరిగా కుట్టే దుకాణంలో ఇచ్చి కొత్త కవరు మాత్రం కుట్టించుకుని, బిగింపు ఇంట్లో చేసుకోవడం రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో అన్ని విధాలా లాభసాటి దారి. కుట్టు పనివారి నైపుణ్యం మీకు దక్కుతుంది, సీటు విప్పి బిగించే కూలీ మిగులుతుంది, మీ సీటు కొలతకే కవరు వస్తుంది.

తరువాత చూసుకోవడం

కొబ్బరినూనె పూసి మెరిపించే అలవాటు ఉంది. రెగ్జిన్‌కు అది ఏ మేలూ చేయదు, తోలులోకి దిగి మరక చేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. పెట్రోలు, థిన్నరు, శానిటైజరు పూతను తినేస్తాయి. గోరువెచ్చని నీటిలో కొన్ని చుక్కల షాంపూ కలిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టడం చాలు. దుమ్ము దారుల్లో తిరిగే బండికి తుడవడానికి ముందు బ్రష్షుతో కుట్ల మధ్య దుమ్ము దులపండి. ఆ సన్నని ఇసుకే దారాన్ని కోస్తుంది.

చెక్కపూసల చాప వేసుకునే డ్రైవర్లు చాలామంది. వీపుకు గాలి ఆడుతుంది, అలవాటైనవారిని మానమనలేను. పీయూ, తోలు కవర్ల మీద మాత్రం పూసల గుంతలు శాశ్వతంగా పడతాయి, చాప అంచు పూతను గీకేస్తుంది. పూసల చాప తప్పదనుకునేవారు పీవీసీతో సరిపెట్టుకుంటే డబ్బు కలిసివస్తుంది.

వానకాలంలో వారంలో ఒక్కరోజైనా ఎండ కాసినప్పుడు తలుపులు తీసి సీట్లకు గాలి తగలనివ్వండి. బిగించిన వారం పది రోజులకు కవరు కొద్దిగా సాగుతుంది, అప్పుడు అడుగు పట్టీలన్నీ మరోసారి బిగించాలి. సీటు విప్పి చేసిన పని అయితే అదే రోజున నాలుగు బోల్టులనూ మళ్ళీ చూసి, బండి పుస్తకంలో ఇచ్చిన బిగువుకు సరిచేయండి.